పెళ్ళికోటు బొంత

చేతులు ముందు కోయాలా, వీపు ముందు కోయాలా, కోటును ఒడిలో బోర్లా వేసుకుని కత్తెర పట్టుకున్న వసంతలక్ష్మికి ఆ క్షణాన అదే పెద్ద చిక్కయి కూర్చుంది, చేతులే ముందు, ఆ చేతులే కదా కవరు చించింది, మడిచి లోపలి జేబులో పెట్టింది, భుజం కుట్టు దగ్గర కత్తెర కరకరమని దిగింది, మందపాటి ఉన్ని, పదహారేళ్ళ నాఫ్తలీన్ వాసన, హాయిగా ఉంది, కోడిని కోసేవాళ్ళకు ఇలాగే ఉంటుందేమో, ఛీ, శెట్టిగారింట పుట్టి ఏం మాటలివి, అయినా హాయిగానే ఉంది, పక్క చాప మీద నుంచి వరమ్మ, ఈ పది దినాల బొంతల శిబిరంలో కుట్టు నేర్పే పెద్దావిడ, తొంగి చూసి, ఏమమ్మా, కోటు బంగారట్లా ఉంది, ఎందుకు కోస్తా ఉండావు అంది, పురుగు తినిందమ్మా అంది తను, అబద్ధం ఎంత సులువుగా నోటికొచ్చింది, మొగుడి దగ్గర నేర్చుకున్నదే అయి ఉంటుంది, తక్కినవాళ్ళంతా జంటలుగా వచ్చారు, అత్తాకోడళ్ళు, తోడికోడళ్ళు, ఇరుగుపొరుగులు, కృష్ణగిరి కొండ కింద ఈ మహిళామండలి హాలు నిండా వాళ్ళ నవ్వులే, నువ్వొక్కతే వచ్చినావా, తోడెవరూ లేరా అని మొదటి దినమే అడిగారు, తోడు లేకేం, పెట్టె అడుగున మడిచి తెచ్చుకుంది కదా, ఇళ్ళలోని పాత బట్టలు తెచ్చుకోండి అని వీళ్ళే కదా చెప్పింది, ఇంతకన్నా పాతది ఆ ఇంట్లో ఏముంది, బొంత కుట్టేదానికి కృష్ణగిరి దాకా పోవాల్నా, మన అంగట్లో రగ్గులు లేవా అని నవ్వాడు మొగుడు శ్రీరంగయ్య, నవ్వుతూనే హోసూరు బస్టాండులో కిటికీ పక్క సీటు పట్టి ఇచ్చాడు, అరటిపండ్లు కొనిచ్చాడు, మంచివాడు, ఊరంతా చెబుతుంది మంచివాడని, ఆ అరటిపండ్లను సూళగిరి దాటకముందే కిటికీలోంచి విసిరేసింది.

శ్రావణంలో, చెదలు పట్టాయేమోనని పాత ట్రంకుపెట్టె విప్పి బట్టలు ఎండలో పరుస్తుంటే ఆయన పెళ్ళికోటు లోపల ఏదో గరగరమంది, చూస్తే కవరు, ఒక పక్క చింపిన కవరు, పైన తన పేరు, పేరుకు ముందు కుమారి అని, లోపల ఒకే కాగితం, సూళగిరి ప్రాథమిక పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా నియమించడమైనది, అరవై ఎనిమిది జూన్ మూడో తేదీన చేరవలెను, పెళ్ళి మే ఇరవై తొమ్మిదిన, పందిట్లోకి వచ్చిన పోస్టుమాను పెళ్ళికూతురు యాడ అని అడిగుంటాడు, పెళ్ళికూతురు లోపల తలంటు పోసుకుంటూ ఉండుంటుంది, పెళ్ళికొడుకు చెయ్యి చాపి ఉంటాడు, కొత్త కోటు, కొత్త జేబు, దోస తిరగేసే వేళకు బతుకు తిరగబడింది, తనకు తెలియనైనా తెలియదు, కాపురానికి వచ్చిన మొదటి రెండేళ్ళూ సైకిలు గంట వినబడితే చాలు పొయ్యి మీద పాలు వదిలేసి వీధి గుమ్మానికి ఉరికేది, ఒకసారి సిగ్గు విడిచి అడిగింది కూడా, ఏమండీ, నా పేరున ఏమన్నా కాగితం వచ్చినాదా అని, లేదే అన్నాడు, గుడ్డ మడతపెడుతూ, తలయినా ఎత్తకుండా, లేదే, ఆ రెండక్షరాలు పట్టుకుని పదహారేళ్ళు ఈడ్చింది, మార్కులు చాలలేదు కాబోలు, తనను తప్పించారు కాబోలు, ఇదే కృష్ణగిరిలో తనతోపాటు ట్రైనింగు చదివిన బసవమ్మకు ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు హెడ్మిస్ట్రెస్, బస్టాండులో నల్ల గొడుగు ఊపుతూ వసంతా అని కేకేస్తే తను పూలబుట్టల చాటుకు తప్పుకునేది, తప్పినదానికి ముఖమెక్కడిది, కూతురు గౌరి అయిదో తరగతి లెక్క తెచ్చి ఇది చెప్పమ్మా అంటే, నాకు రాదు తల్లీ, పక్కింటి సారును అడుగు పో అంది, లెక్కల్లో ట్రైనింగు క్లాసు మొత్తానికి మొదటిది తను, నాకు రాదు తల్లీ అంది, నిజంగానే రాదనుకుని అంది, దబ్బనం వేలిలో దిగింది, రక్తం చుక్క, పోనీ, ఎరుపు మీద ఎరుపు కనబడదులే.

ఎందుకంటే ఎర్రదారంతోనే కుడుతోంది, తన పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి, నడుమ కోటు ముక్కలన్నీ అతికి, ఆ నల్లటి నలుచదరం మీద కాగితంలో ఉన్నది ఉన్నట్టు అక్షరం తరువాత అక్షరం, పలక మీద పిల్లలకు దిద్దించే గుండ్రటి అక్షరాలు, వరమ్మ రోజూ వచ్చి చూస్తుంది, చదువు రాదు, కుట్టు మాత్రం వెనక వైపు తిప్పి చూసి, ముడి కనబడలేదు, బలే చెయ్యి నీది అంటుంది, ఆఖరి దినం అందరి ఇళ్ళవాళ్ళూ వస్తారు, బొంతలన్నీ వాకిట్లో తాళ్ళకు వేలాడదీస్తారు, అప్పుడు చదవనీ లోకం, ఆఖరి వరస ఇంకా పెద్ద అక్షరాలలో కుట్టింది, ఈ కాగితాన్ని పదహారేండ్లు దాచినవాడు హోసూరు శ్రీరంగయ్య, బజారులో ఆయనకు మర్యాద, రంగు పోయిన గుడ్డను తిరిగి తీసుకుంటాడని పేరు, తన రంగు పోయింది, ఎవరు తిరిగి తీసుకుంటారు, ఏమంటాడో ఇప్పుడే తెలుసు, మా నాయన చెప్పినాడు అంటాడు, దానికి జవాబు ఉంది, నీ మంచికే అంటాడు, దానికీ ఉంది, కాళ్ళు పట్టుకుంటాడు, పట్టుకోనీ, అందరి ముందరా పట్టుకోనీ, అనపగింజల పులుసుతో సంగటి తింటున్నా ఆ జవాబులే నమిలేది, ఇంత ఆకలి వేసి ఎన్నేళ్ళయింది.

పదో దినం పొద్దున, జనం రాకముందే, మొదటి బస్సుకే వచ్చేశాడు, తాళ్ళకు వేలాడే బొంతలను గుడ్డల వ్యాపారి వేళ్ళతో తడుముతూ, రంగు నిలుస్తుందా అని గీరి చూస్తూ, ఒక్కొక్కటే దాటుకుని తన బొంత ముందుకు వచ్చి ఆగాడు, ఇది నా కోటు కదా వసంతా, అవును మీదే, పెదవులు కదుపుతూ చదివాడు, ఇప్పుడు, ఇప్పుడు, ఈ కాగితం యాడిది అన్నాడు, మీ జేబులోదే, మీరే చించినారు, మీరే చదివినారు, శ్రీరంగయ్య కళ్ళు మూసుకున్నాడు, వెతుక్కుంటున్నాడు, నిజంగానే వెతుక్కుంటున్నాడు, ఆ, పెళ్ళినాడు పోస్టుమాను ఏదో ఇచ్చినట్లుంది, ఎవరో ఆశీర్వాదం రాసినారేమో అని చించినాను, అంతలో మేళగాళ్ళు వచ్చిరి, ఊరేగింపు లేచె, మరిచేపోయినానే, దేవుడు తోడు, ఇన్నేండ్లలో ఒకసారి కూడా తలపుకు రాలేదు, అబద్ధమాడితే చెవి తడుముకుంటాడు, చెయ్యి చెవి దగ్గరకు పోలేదు, నిజం, అయ్యో, ఇది నిజం, నమిలి పెట్టుకున్న జవాబుల్లో ఒక్కటీ దీనికి సరిపోదు, దాచి ఉంటే ప్రతిరోజూ తనను చూసి భయపడి ఉండేవాడు, లోపల ముల్లు గుచ్చుకుంటూ ఉండేది, ఆ మాత్రమైనా దక్కేది, ఇక్కడ ముల్లూ లేదు భయమూ లేదు, తన బతుకంతా జేబులో పెట్టుకుని సన్నాయి వింటూ నడిచిన మనిషి, దొంగ కూడా కాదు, దొంగకైనా తాను ఎత్తుకుపోయిన దాని విలువ తెలిసి ఉంటుంది.

పేరొకటి తీసేయమ్మా, ఇంకొంచేపటికి జనం వస్తారు, నీకు పుణ్యముంటుంది అన్నాడు చిన్నగా, పేరు తీయను అంది, తన గొంతు తనకే కొత్తగా ఉంది, దాచినవాడు అనేది తప్పు, ఆ మాట తీస్తాను, ఈ కొన గట్టిగా పట్టుకోండి, పట్టుకున్నాడు, రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు, ఆమె కింద కూర్చుని ఎర్రదారం విప్పింది, ఆ చోటనే మరిచినవాడు అని కుట్టింది, తొందరపడలేదు, ఒక్కొక్క పోగూ లాగి బిగించింది, కొన కాస్త జారితే సరిగ్గా పట్టుకోండి అంది, అప్పటికే వాకిలి నిండా జనం, వరమ్మ అందరినీ వెంటేసుకుని వచ్చి, నాకు అక్షరం రాదు కదమ్మా, ఏం రాసినావో చదివి చెప్పు, గట్టిగా, ఈడ అందరికీ వినపడాల అంది, సరే అని లేచి అక్షరాల కింద వేలు పెట్టి మొదలుపెట్టింది, కుమారి వసంతలక్ష్మి గారిని, అరే, నాలుగు నెలలుగా వందసార్లు చదివింది, ప్రతిసారీ నేరానికి సాక్ష్యం చదివినట్టే చదివింది, తెలుగు ఉపాధ్యాయినిగా, గొంతు గోడల దాకా పోతోంది, వెనక వరసకు కూడా వినబడేలా, ట్రైనింగులో నేర్పిన గొంతు, ఎక్కడుంది ఇన్నాళ్ళూ, నియమించడమైనది, అంటే నీకు వచ్చినాదా ఆ ఉద్యోగం, మేష్ట్రమ్మ ఉద్యోగం అంది వరమ్మ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చినాదమ్మా అంది, మార్కులు చాలకపోవడమేమిటి, తనను తప్పించడమేమిటి, ఎవరూ తప్పించలేదు, రమ్మన్నారు, పేరు పెట్టి, గారు అని రాసి, తేదీ వేసి రమ్మన్నారు, అంత మంచి కబురు ఇంట్లోనే ఉండగా ఒక్క పూటయినా సంతోషించలేదు, ఇది చదివేటప్పుడు శ్రీరంగయ్య ముఖం ఎలా వాడుతుందో చూడాలనే కదా ఇన్నాళ్ళు కాచుకుంది, అటు చూడడమే మరిచిపోయింది, నాకే వచ్చినాది అంది మళ్ళీ, ఎవరూ అడగకపోయినా, నేను తప్పలేదు.