రెప్ప కింది తెలుపు

మా ఇంట్లో దయ్యం ఉందని వాడకట్టంతా చెప్పుకున్న ఆ ఏడు, డెబ్భై ఎనిమిదిలో, నేను కేసముద్రం అవతలి పల్లెలో పశువుల దవాఖాన కాంపౌండరుని. రోజూ గొర్రెల కంటిరెప్పలు తిప్పి చూసే పని. రెప్ప లోపల ఎర్రగా ఉంటే మంచిది, తెల్లబడితే ఒంట్లో నెత్తురు లేనట్టు. అలాంటి నాకు దయ్యం కథలు చెబితే ఒళ్లు మండదా?

కానీ మా ఇంట్లోని పిల్లిపిల్ల మోతీని చూస్తే నాకూ భయమేసింది. ఒప్పుకుంటాను.

నా భార్య అహల్య చనిపోయి అప్పటికి రెండేళ్లు. కడుపుతో ఉన్నప్పుడు ఆమె కిటికీ కింద గోడ మట్టి గీకి తినేది. మనిషి పాలిపోయింది. నాలుగడుగులేస్తే ఆయాసం. గాలి సోకిందని నన్ను కన్న మా అవ్వ మంత్రగాణ్ని పిలిపించింది. నేనే దగ్గరుండి తాయెత్తు కట్టించాను. కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

ఆమె పెంచిన పిల్లికి ఈ మోతీ పుట్టింది. అది పుట్టేనాటికి అహల్య లేనే లేదు. అయినా ఆ మూడు నెలల పిల్ల రోజూ పొద్దున్నే నేరుగా వెళ్లి, ఆ కిటికీ కిందే, అదే గోడను నాకేది.

"అహల్యనేరా. మల్లొచ్చింది," అంది అవ్వ. "మన్ను రుచి మరువలే. దీన్ని గోనెసంచిల ఏసి రైలుపట్టాల అవతల ఇడిసి రా. లేకుంటే నేనే ఇల్లిడిసి పోత."

"నీ దయ్యాలు పాడుగాను! జర ఊకోవే అవ్వా," అని కసిరి పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. ఒళ్లంతా చల్లగా ఉంది. సంచిలో వేసి వదిలితే సాయంత్రం దాకా బతకదు.

పెదవి పైకెత్తాను. చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. రెప్ప తిప్పాను, అదే తెలుపు. దాని గుండె దడదడలాడుతోంది. బొచ్చులో వేళ్లు పెడితే పురుగులు గెంతాయి, నల్లటి నలుసులు రాలాయి. వాటిని తడి దూది మీద వేసి చూశాను. నలుసుల చుట్టూ ఎర్రగా చెమ్మ పాకింది. పురుగులు తాగి వదిలిన దీని నెత్తురే అది.

"జూడవ్వా. దయ్యం లేదు, గియ్యం లేదు. పురుగులు నెత్తురు తాగినయి. ఒంట్ల నెత్తురు తక్వైతే మన్ను మీదికి పానం గుంజుతది. అహల్య గీకిన కాడ మన్ను తేలింది, గందుకే గాడికి పోతున్నది. పురుగులు తీసి, జర కార్జం తినబెడితె బతుకుతది."

అవ్వ దూదిని చూసింది. గోడను చూసింది.

"మరి అహల్యకు గూడ గదేనారా?"

రెండేళ్లుగా ఆ ప్రశ్నను దగ్గరికి రానివ్వలేదు నేను. ఊళ్లో గొర్రెలన్నిటి రెప్పలూ తిప్పినవాణ్ని, పెద్దల ముందు పెళ్లాం ముఖం పట్టుకుంటే నవ్వుతారని ఆమె రెప్ప ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

"గదేనే అవ్వా," అన్నాను.

అవ్వ కిటికీ కింద కూలబడి, గోడలోని ఆ గుంటలో చెయ్యి పెట్టి ఏడ్చింది.

మోతీ బతికింది. మీ ఇంట్ల దయ్యం పోయిందట గద అని వాడకట్టోళ్లు అడిగితే పోయిందనే చెప్పాను. ఎక్కడికి పోతుంది? రోజూ దవాఖానలో మొదటి గొర్రె రెప్ప తిప్పగానే అహల్య నన్ను చూస్తుంది.