గ్రహణం నాటి నింద

ఎమ్మిగనూరులో ఉచ్చీరప్ప ఇంట్లో రెండు మగ్గాలు. ఎంత చప్పుడైనా పసిబిడ్డ దేవకి వాటి పక్కనే కదలకుండా నిద్రపోయేది. "బంగారు బిడ్డ, పనికి అడ్డం రాదు" అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే తల్లి శాంతమ్మ మురిసిపోయేది.

మూడేళ్లొచ్చినా దేవకి "అమ్మా" అనలేదు. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడలేదు.

అత్త భీమమ్మ కారణం వెతుక్కోలేదు. పందొమ్మిది వందల ఎనభైలో సూర్యగ్రహణం నాడు ఊరంతా తలుపులు మూసుకుంటే, రెండు నెలల కడుపుతో శాంతమ్మ వాకిట్లోకి వచ్చింది. "నా మనవరాలి నోరు నువ్వే కట్టేసినావు" అని భీమమ్మ నలుగురిలో అనేది.

ఆ రోజు తోడికోడలు ముత్తమ్మ, బంధువుల ఇంట్లో చావుకని కోసిగి వెళ్లింది. ఆమె కొడుకు కాశప్పకు జ్వరం, ఒళ్లంతా సన్నటి దద్దు. వాణ్ణి ఒళ్లో పెట్టుకొని సాకింది శాంతమ్మే. దాహమని ఏడిస్తే నీళ్లకోసం వాకిట్లోని తొట్టి దగ్గరికి వెళ్లింది. కొన్నాళ్లకు ఆమెకూ దద్దు లేచి తగ్గిపోయింది.

ఆదోనిలో డాక్టరు అంతా విని, "బిడ్డ చెవులు తీసింది, కడుపుతో ఉండగా నీకొచ్చిన ఆ దద్దు జబ్బేనమ్మా. గ్రహణం కాదు. నీ తప్పేం లేదు" అన్నాడు. తిరుగు బస్సులో శాంతమ్మ తేలికపడి ఏడ్చింది.

ఇంట్లో ఆ మాట చెప్పగానే ముత్తమ్మ లేచింది. "అంటే నా కొడుకు అంటించినాడనా?"

"నేనట్ల అన్లేదక్కా. పసోడు, వానికేం తెలుసు?"

"అంటాండావు గదా! ఊర్లో జనం వాణ్ణి ఏమనుకోవల్ల?"

ముత్తమ్మ వేరే పొయ్యి పెట్టింది. అన్నదమ్ములకు మాటల్లేవు.

"గ్రహణమే అని సెప్పు. ఇల్లు సీలిపోతాంది" అన్నాడు ఉచ్చీరప్ప.

"వాణ్ణి సాకినందుకు నా బిడ్డకు సెవుల్లేకుండా పోయినాయి. నింద గూడా నేనే మొయ్యాల్నా?"

"ఇన్నాళ్లూ మోసినావు గదా."

మరునాడు శాంతమ్మ పెరట్లో తోడికోడలి ముందు నిలబడింది. "గ్రహణమేలే అక్కా. నేనే బయటికొచ్చినా."

సాయంత్రం ముత్తమ్మ గిన్నెడు బొరుగుల ఉగ్గాణి పంపింది. పొయ్యి ఒకటైంది.

కర్నూలులో చెవిటి పిల్లలకు బడి ఉందని డాక్టరు చెప్పిన సంగతి శాంతమ్మ ఒకసారి ఎత్తింది. "గ్రహణం మూసిన సెవులకు బడేం సేస్తాదే?" అంది భీమమ్మ. ఉచ్చీరప్ప లేచి మగ్గం దగ్గరికి పోయాడు.

ఆ జూన్‌లో కాశప్పను బడిలో వేశారు. దేవకి ఇంట్లోనే ఉండిపోయింది.