కంకర తొట్టి కింద

ఆ ఇంట్లో చిన్నకోడలికి తనదంటూ ఒక్క మూల లేదు. వంటగది తోడికోడలిది. ముందుగది మామగారిది, ఆయన టీవీది. మేడమీది గది పేరుకు మొగుడూ పెళ్ళాలదే గానీ, బీరువాలో దుప్పటి కోసమని ఒకరు, కుట్టుమిషను కోసమని ఇంకొకరు తలుపైనా తట్టకుండా వచ్చిపోతుంటారు. పెళ్ళికి ముందు ఆమె చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో పనిచేసేది. నీళ్ళ రంగు చూసి చేపలకు ఏం జబ్బు రాబోతోందో చెప్పేది. ఇక్కడికొచ్చాక ఆ విద్య ఎవరికీ అక్కరలేకపోయింది. ఏడాదిపాటు కిటికీ దగ్గర కూర్చుని పెరటి గోడను చూస్తూ గడిపింది. గోడ అవతల వీధిలో ఎవరైనా నవ్వుతూ వెళ్తుంటే ఆమెకు ఊపిరాడనట్టుండేది.

చివరికి మొగుణ్ణి పోరగా పోరగా పెరట్లో ఎడమపక్క జాగా దొరికింది. పెద్ద నీళ్ళతొట్టిలో చేపల్ని వదిలింది. దాని పక్కన సిమెంటు ఇటుకలు పేర్చి, వాటి మీద పలకలు వేసి, పలకల మీద మొక్కల తొట్లు రెండు కూర్చోబెట్టింది. వాటిలో మట్టి ఉండదు, నిండా కంకరే. గంటకోసారి మోటారు చేపల నీళ్ళను ఆ కంకరలోకి తోడుతుంది. నీళ్ళలోని మురికి మొక్కలకు ఎరువవుతుంది, తేరిన నీళ్ళు పైపులోంచి మళ్ళీ చేపల దగ్గరికి దిగుతాయి.

అయితే ఆ ఎడమపక్కనే తోడికోడలి గులాబీ పొద ఉండేది. పన్నెండేళ్ళుగా పెంచుకున్నది. "అక్కనడిగారా?" అని చిన్నకోడలు రెండుసార్లు అంది. "వదినేమీ అనుకోదులే" అని మొగుడు ఆవిడ బజారుకెళ్ళిన పూట దాన్ని మొదలంటా నరికేశాడు. తిరిగొచ్చి చూసి ఆవిడ నిజంగానే ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నాలుగు నెలలపాటు చిన్నకోడలితో అసలు మాటే లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే మామగారితో కబురంపేది. ఆయనకు చెవుడు. సగం వినబడదు, విన్న సగం మర్చిపోతాడు.

ప్రమాదం జరిగిన రోజు అన్నదమ్ములిద్దరూ పనికి వెళ్ళారు. రెండో తొట్టి కింద పైపు అతుకు దగ్గర నీళ్ళు కారుతున్నాయని చిన్నకోడలు రెంచీ పట్టుకుని వెల్లకిలా కిందికి దూరింది. నేల చిత్తడిగా ఉంది. కారిన నీళ్ళేలే అనుకుంది. అతుకును రెండు చుట్లు బిగించిందో లేదో, ఎడమపక్క ఇటుకల దొంతర మెల్లగా నేలలోకి దిగి, ఒక్కసారిగా పక్కకి పడిపోయింది. పలక ఆ కొసన కూలి ఆమె ఎడమ ముంజేతిని బురదలోకి నొక్కేసింది. కుడికొస మాత్రం ఇంకా ఇటుకల మీదే ఆగి ఉంది. ముక్కుకు జానెడు దూరంలో పలక అడుగు.

కాసేపు నొప్పే తెలియలేదు. తెలిశాక అరవడానికి గాలి చాలలేదు. చెయ్యి లాగబోతే పైన కంకర గరగరమంటూ కదిలింది. ఆమె బిగుసుకుపోయింది. అంతలో ఇంకో సంగతి తట్టింది. పదకొండయితే మోటారు దానంతటదే తిరుగుతుంది. పది బిందెల నీళ్ళ బరువు ఈ పలక మీదికొస్తుంది.

"మామయ్యగారూ!" అని పిలిచింది. టీవీలో ఎవరో చప్పట్లు కొట్టారు.

మేడమీద తోడికోడలు బట్టలు ఆరేస్తోంది. దులుపుతున్న చప్పుడు స్పష్టంగా వినబడుతోంది. చిన్నకోడలి నాలుక చివర ఆ పిలుపు ఆగింది. ప్రాణం మీదికొచ్చినా అభిమానం అడ్డొస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

"అక్కా!"

దులపడం ఆగింది. మళ్ళీ పిలిచేలోపే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది.

"ఎక్కడే? ఎక్కడున్నావ్?"

"తొట్టి కింద."

చెప్పులూ, తడిసిన చీర అంచూ కనబడ్డాయి. ఆ తర్వాత వంగిన మొహం. "అయ్యో, నా తల్లీ!" అంటూ ఆవిడ తొట్టి అంచు పట్టుకుంది.

"ఎత్తకు! జారితే మొహం మీద పడుతుంది. ముందు మోటారు ఆపు."

"ఏ స్విచ్చే?"

"వెతక్కు. మెయిన్ ఆపెయ్."

చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. మరుక్షణం మామగారు కర్ర పొడుచుకుంటూ వచ్చేశారు. "కరెంటు పోయిందా? ఇప్పుడేగా మొదలైంది!" పెద్దకోడలు ఆయన చెవిలో అరిచి సంగతి చెప్పి, వీధి చివర వడ్రంగిని జాకీతో సహా తీసుకురమ్మని పంపింది. ఆయన అడుగు వేగం ఆ ఇద్దరికీ తెలుసు.

"ఈలోగా కంకర తీస్తా. బరువు తగ్గుతుందిగా" అని ఆవిడే అంది. స్నానాలగదిలోంచి మగ్గు తెచ్చింది.

"కూలిన పక్క నుంచి తియ్యి. మెల్లగా."

మగ్గు మగ్గుకీ కంకర నేల మీద పడుతోంది. చిన్నకోడలు కళ్ళు మూసుకుంటే తొట్టి దిగుతున్నట్టుంది, తెరిస్తే ఇంకా దిగుతున్నట్టుంది. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఎవరైనా మాట్లాడితే బాగుండుననిపించింది.

పైనుంచి మాట వచ్చింది. "ఆ తడి పైపుది కాదే."

"ఏంటి?"

"బట్టలుతికిన నీళ్ళు. వారం నుంచి గొట్టం ఆ ఇటుకల మొదట్లోకి తిప్పుతున్నా. ఒరిగితే ఈ పీడ తీసేస్తారు కదా అని." ఆవిడ మగ్గు ఆపలేదు. "పన్నెండేళ్ళ నుంచి ఉన్నా, ఆ పొద తప్ప నాకీ ఇంట్లో ఏముంది? నువ్వొచ్చి ఏడాదికే సగం పెరడు తీసుకున్నావ్. కానీ దీని కింద మనిషి ఉంటుందని, ఒట్టు, నేననుకోలేదు."

చిన్నకోడలికి ఒళ్ళంతా మండింది. లేచి ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది. లేవడానికి లేదు. తనను ఇక్కడ పడేసిన చేతిలోనే ఆ మగ్గు ఉంది. ఆ చెయ్యి ఆగితే తను లేదు.

"కంకర తియ్యక్కా" అంది, పళ్ళు బిగబట్టి.

వడ్రంగి వచ్చేసరికి తొట్టి సగం ఖాళీ అయింది. పెద్దకోడలి గోళ్ళ వెంట రక్తం కారుతోంది, మగ్గు ఎప్పుడు పగిలిందో ఆవిడ చూసుకోలేదు. జాకీ నాలుగుసార్లు తిప్పగానే చెయ్యి బయటికొచ్చింది.

మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. సాయంత్రం అందరూ ముందుగదిలో చేరారు.

"చాల్లే ఈ చేపల గోల. రేపే పీకించేస్తా" అన్నాడు మొగుడు.

"అదే మంచిది" అన్నాడు బావగారు.

చిన్నకోడలికి పొద్దున పలక కింద కూడా ఇంత ఇరుకుగా అనిపించలేదు. ఒక్క మాట చెబితే ఇటుకలు సరిగ్గా పేర్చలేదన్న నింద తన మీది నుంచి జారిపోతుంది. చెప్పకుండా తోడికోడలి వైపు చూసింది. ఆవిడ వంటగది గుమ్మానికి ఆనుకుని, వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని నిలబడింది.

"ఇటుకలు అది సరిగ్గానే పేర్చింది. నీళ్ళు తిప్పింది నేను" అంది ఆవిడ, మామగారికి కూడా ఒక్కసారికే వినబడేంత గట్టిగా. బావగారి మొహం నల్లబడింది. ఆవిడ మరిది వైపు తిరిగింది. "నా పొద నరికేముందు నన్నడగలేదు. దాని తొట్టి పీకేముందు దాన్నైనా అడుగు."

మొగుడు తలెత్తకుండానే అడిగాడు. "ఏమంటావ్?"

"ఉండనివ్వండి" అంది చిన్నకోడలు.

బావగారు పెళ్ళాంతో పది రోజులు మాట్లాడలేదు. చిన్నకోడలి కోపం కూడా అంత తొందరగా పోలేదు. వడ్రంగి తీసుకొచ్చిన మేస్త్రి కింద సిమెంటు గచ్చు పోశాడు. ఒంటిచేత్తో ఆమె మట్టం చూసి చెబుతుంటే తోడికోడలు ఇటుకలు జరిపింది, కంకరంతా కడిగి మళ్ళీ నింపింది. "ఇటు జరుపు", "చాలు", ఇవే వాళ్ళ మాటలు. టమాటా నారు కూడా ఆవిడే పెట్టింది.

కట్టు విప్పిన వారానికి చిన్నకోడలికి చేపల కేంద్రంలో వారానికి మూడు రోజుల పని దొరికింది. రెండు బస్సులు మారి వెళ్ళాలి. మొగుడికింకా చెప్పలేదు. ముందు పెరట్లోకి వెళ్ళి తోడికోడలికి చెప్పింది. ఆవిడ నీళ్ళలోకి చూసింది.

"మరి వీటికి మేత?"

"నువ్వు వేస్తావా?"

ఆవిడ డబ్బా మూత తీసి, రెండు చేతులనిండా మేత తీసుకుంది.

"అంత వద్దక్కా. నీళ్ళు పాడవుతాయి."

ఆవిడ సగం మళ్ళీ డబ్బాలో పోసి, తొట్టి అంచు మీదుగా వంగింది.