మేనత్త దగ్గర ఆఖరి స్టాకు

నెలలు నిండకుండా పుట్టిన పసికందులను వెచ్చగా ఉంచే పెట్టెలు చేసే కంపెనీలో అతను కొనుగోళ్ల అధికారి. అన్నీ బిగించిన పెట్టె ఒకటి, వేలిగోరంత చిప్పు లేక బల్ల మీద పడి ఉంది. ఆ చిప్పు చేసేవాళ్లేమో “తయారీ ఆపేశాం, మీ ఆదరణకు ధన్యవాదాలు” అంటూ చావు కబురు చల్లగా చెప్పారు. శుక్రవారంలోగా పెట్టె ఆసుపత్రికి చేరకపోతే అతని కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని మేనేజరు తేల్చేశాడు.

బుర్ర బద్దలు కొట్టుకుంటే అప్పుడు గుర్తొచ్చింది. కంపెనీ ఒకప్పుడు చేసిన కాలింగ్ బెల్లులోనూ అదే చిప్పు! పిచ్చుకలా కూయాల్సిన ఆ బెల్లు తోక తొక్కిన పిల్లిలా అరిచేది. ఎవరూ కొనకపోతే చవగ్గా వచ్చాయని తన పెళ్లికొచ్చిన చుట్టాలందరికీ అవే అంటగట్టాడు.

వరసగా ఫోన్లు చేశాడు.

“ఆ దరిద్రమా? మర్నాడే పారేశాం,” అన్నాడు బాబాయి. బావమరిది దాన్ని ఇంకెవరి పెళ్లిలోనో చదివించేశాడు. “మనింట్లోది కూడా నేనే పారేశాను,” అని భార్య ఏ మాత్రం జంకు లేకుండా ఒప్పుకుంది.

మిగిలింది మేనత్త. అటువైపు వెళ్లి ఎన్నాళ్లయిందో అతనికే తెలీదు. వెళ్లి గుమ్మం పక్కన మీట నొక్కగానే పిల్లి అరిచింది. అతని ప్రాణం లేచొచ్చింది.

“అత్తా, ఈ బెల్లు ఇచ్చెయ్యవా? కోయిలలా పాడేది తెచ్చిస్తా.”

“నాకిదే కావాలి. దీని అరుపు విన్న బీమా ఏజెంటు మళ్లీ ఈ గడప తొక్కలేదు.”

అవసరం వస్తే గాడిద కాళ్లయినా పట్టుకోవాలంటారు, ఈవిడ మేనత్తే కదా అని కాళ్లావేళ్లా పడ్డాడు. పసికందుల సంగతి వినగానే ఆవిడ మెత్తబడింది. కానీ బెట్టు వదల్లేదు.

“విడిగా ఇవ్వను. పాడైన మిక్సీ, ఆ కుంటి కుర్చీ కూడా పట్టుకుపోవాలి.”

సప్లయర్ల దగ్గర ఇంతకంటే ఘోరమైన షరతులు చూసినవాడు కాబట్టి సరేనన్నాడు.

“ఇది తీసేస్తే నువ్వొచ్చినట్టు నాకెలా తెలుస్తుందిరా?”

“తలుపు కొడతాను.”

“కొట్టాలంటే ముందు రావాలిగా!”

అతనికి సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది.

“ఆదివారం వస్తానత్తా. ఒట్టు.”

“చెప్పిన రోజుకి రాని సప్లయర్లను నువ్వేం చేస్తావు?”

“ముందే ఏదైనా హామీ పెట్టమంటాను,” అని నోరు జారాడు.

“అయితే ఆ బూట్లు విప్పు.”

మధ్యాహ్నానికల్లా చిప్పు పెట్టెలో కూర్చుంది. దీపం వెలిగింది, పరుపు వెచ్చబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు భుజం తట్టబోయి, అతని కాళ్ల వైపు చూసి ఆగిపోయాడు. మడమలు బయటికి వేలాడుతున్న గులాబీ రంగు ఆడవాళ్ల చెప్పులు!

“ఏంటయ్యా ఈ అవతారం?”

“బూట్లు తాకట్టులో ఉన్నాయి సార్,” అన్నాడతను సంతోషంగా. “ఆదివారం మా అత్త దగ్గరికెళ్లి విడిపించుకోవాలి.”