పెట్టల చెయ్యి

పొద్దున్నే ఫ్యాన్ల దుకాణం షట్టరు సగం లేచేసరికి గుమ్మం ముందు ఎవరో ఒకరు నిలబడి ఉంటారు, మా ఇంటికొచ్చి గుడ్లు పొదగేసి పెట్టమని. ఆ దుకాణమాయన కాలిపోయిన ఫ్యాన్లకు కొత్త రాగితీగ చుట్టే మనిషి. వీధంతా వైండింగాయన అంటుంది. పనిముట్లు పక్కకు జరిపి, చేతికంటిన నూనె గుడ్డతో తుడుచుకుని, వచ్చినవాళ్ల వెంట నడుస్తాడు. గంపలో పొదుగుకొచ్చిన కోడి కింద గుడ్లు ఒక్కొక్కటే పెట్టి, ఇచ్చిన టీ తాగి, తిరిగొచ్చి పనిలో కూర్చుంటాడు.

ఆయనే ఎందుకంటే, గుడ్లు పెట్టే మనిషికి ఆ నిమిషాన ఎవరిమీద బెంగ ఉంటే పిల్లలు ఆ తీరుగా పుడతాయి. ఆడమనిషి కోసం బెంగపడుతూ పెడితే అన్నీ పెట్టలు. మగమనిషి కోసమైతే అన్నీ పుంజులు. ఏ బెంగా లేకుండా పెడితే సగం సగం. ఎండ తగిలితే బట్టలు ఆరతాయి, ఇదీ అంతే. వైండింగాయన భార్య పోయి నాలుగేళ్లయింది. అప్పట్నుంచీ ఆయన చేతి గుడ్లన్నీ పెట్టలే. కూసే పుంజులు ఎవరికి కావాలి? ఇంటికి కావలసింది గుడ్లు పెట్టే పెట్టలు. ఇలా అనడం పాపమే గానీ, ఆయన దుఃఖం వీధికి బాగా అచ్చొచ్చింది. ఆయన కాస్త నవ్వుతూ కనిపిస్తే చాలు, ఆడవాళ్ల గుండెల్లో రాయి పడేది.

"మనిషి కోలుకుంటున్నట్టున్నాడు. ఈ వారంలోనే పొదగేయించుకోవాలి" అంటూ పాలబూత్ ఆవిడ అందరికంటే ముందు పరుగెత్తేది.

దుకాణానికి ఎదురు వాటాలో టైలరమ్మ ఉంటుంది. నలభై దాటాయి, పెళ్లి కాలేదు. తల్లి మంచాన పడిన ఏళ్లన్నీ ఆ సేవలోనే గడిచిపోయాయి. ఆమె మిషను వేసుకున్న కిటికీలోంచి చూస్తే నేరుగా ఫ్యాన్ల దుకాణమే. వెలుతురు బాగుంటుందని అక్కడ వేసుకున్నానని అడగనివాళ్లకు కూడా చెబుతుంది. ఆమె పొదగేస్తే అన్నీ పుంజులే పుట్టేవి. తెల్లారకముందే పెరట్లో ఒకటి గొంతెత్తితే మిగతావన్నీ అందుకునేవి.

"ఎవరి కోసమే ఈ కూతలన్నీ?" అని ఒకరోజు పాలబూత్ ఆవిడ ఆటపట్టించింది.

"మా అన్నయ్య గుర్తొస్తున్నాడు వదినా" అని నోటికొచ్చింది చెప్పేసింది టైలరమ్మ.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి వేరే ఊళ్లో ఉన్న అన్నయ్యకు చేరింది. పాపం, ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఫోన్ చేసి, "నామీద ఇంత బెంగ పెట్టుకున్నావా అమ్మాయ్? ఒక్క మాట చెప్పలేకపోయావా?" అన్నాడు. వారం తిరక్కుండానే తన ఊళ్లో యూనిఫాంలు కుట్టే చోట ఆమెకు పని చూశాడు. పనిలో చేరడానికి ఇంకా రెండు నెలల పైనే ఉన్నా, ఇప్పుడే తన ఇంట్లో గది ఖాళీ చేయించాడు. చిన్న అబద్ధం పెద్దదై ఆమె నెత్తిమీదెక్కి కూర్చుంది. రానంటే అన్నయ్య మనసు విరిగిపోతుంది. వస్తానంటే కిటికీ పోతుంది. చివరికి వస్తాననే చెప్పింది.

నిజం చెప్పేద్దామని ఆమెకు ఎన్నోసార్లు అనిపించింది. కానీ ఎదురుగా ఆయన చేతిలో ఎప్పుడూ పెట్టలే పుడుతుంటే ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? పోయినావిడ బట్టలు కుట్టింది తనే. కొలతలు తీస్తుంటే కబుర్లు చెబుతూ ఓపిగ్గా నిలబడే మంచి మనిషి. అలాంటి మనిషి కోసం పడే బెంగలో తనకు చోటెక్కడిది?

సరిగ్గా అప్పుడే టైలరమ్మ ఎర్రకోడి పొదుగుకొచ్చింది. దాన్ని వెంట తీసుకెళ్లడం కుదరదు. వైండింగాయన చేత్తో పెట్టిస్తే తల్లినీ పిల్లల్నీ తనే తీసుకుంటానంది పాలబూత్ ఆవిడ. దాంతో, తన వాటా ఖాళీ చేయాలి గనక, టైలరమ్మ కోడిని చంకన పెట్టుకుని, గుడ్ల బుట్ట పట్టుకుని, దుకాణం వెనక గదికి వెళ్లింది. ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

"ఇది కొత్తవాళ్లని పొడుస్తుందండీ. నేను పట్టుకుంటాను, మీరు పెట్టండి."

ఆయన పాత ఫ్యాను పెట్టెలో గడ్డి పరిచాడు. ఆమె కోడిని అదిమి పట్టుకుని పక్కనే కూర్చుంది. ఆయన ఒక్కో గుడ్డునూ వెలుతురుకు ఎత్తి చూసి మెల్లగా దాని కిందికి జారవిడుస్తున్నాడు.

"వెళ్లిపోతున్నారటగా?"

"అన్నయ్య రమ్మంటున్నాడు."

"ఆయనమీద బెంగ అని విన్నాను."

పట్టు సడలినట్టుంది, కోడి ఆమె వేలిమీదే పొడిచింది. "మీకు పడాల్సిన పోటు నాకు పడింది" అని ఆమె నవ్వితే ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు అంత దగ్గర్నుంచి ఆమె ఎప్పుడూ వినలేదు. దుకాణం ముందు ఎవరో పిలుస్తున్నా ఆయన లేవలేదు. చివరి గుడ్డు పెట్టేశాక కూడా ఇద్దరూ కాసేపు అలాగే కూర్చుండిపోయారు.

మూడు వారాలకు పిల్లలు బయటికొచ్చాయి. ఏది పెట్టో ఏది పుంజో అప్పుడే తెలియదు, తలమీద జుట్టు ఎర్రబడేదాకా ఆగాలి. ఆయన చెయ్యి గనక ఎవరికీ ఏ అనుమానమూ లేదు. సాయంత్రమయ్యేసరికి టైలరమ్మ నూకలు పట్టుకుని వచ్చేది. ఆ వేళకు ఆయన తీగ చుట్టడం ఆపేవాడు. ఇద్దరూ కోడిపిల్లల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఇంటికి వెళ్లాక మాత్రం ఆమెకు చెప్పాల్సిన మాటలన్నీ గుర్తొచ్చేవి.

బయల్దేరే రోజు రానే వచ్చింది. మిషనుకు తాడు చుట్టి గుమ్మంలో పెట్టింది టైలరమ్మ. అన్నయ్య పంపిన వ్యాను కోసం చూస్తుండగా దుకాణంలోంచి పాలబూత్ ఆవిడ గొంతు వినిపించింది.

"ఇదేంటయ్యా, సగానికి సగం పుంజులే?"

టైలరమ్మ వీధి దాటి పరుగున వచ్చింది. సగం పిల్లల తలలమీద జుట్టు ఎర్రగా పొడుచుకొచ్చింది. మిగతావాటికి లేదు.

"వీటిని పెట్టిన మర్నాడు నువ్వు మా చెల్లెలింట్లో పెట్టినవన్నీ పెట్టలేగా. వీటికేం మాయరోగం?" అని నిలదీసింది పాలబూత్ ఆవిడ. "ఆ ఒక్కరోజూ భార్యను మర్చిపోయావా?"

"మర్చిపోవడమేంటమ్మా, ఎప్పుడూ గుర్తే" అన్నాడాయన, నేల చూస్తూ. "బెంగ మాత్రం ఆవిడమీద కాదు. చాలా రోజులైంది."

"మరి ఎవరిమీద? ఆ బెంగ ఇక్కడ గుడ్లు పెట్టేటప్పుడు ఎక్కడికి పోయింది? ఆ వేళ నీ దగ్గర ఎవరున్నారు?"

"నేనే వదినా, కోడిని పట్టుకున్నాను" అంది టైలరమ్మ. అనేశాక గానీ తను చెప్పిందేంటో ఆమెకు తెలియలేదు.

పాలబూత్ ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే మన వీధికి పెట్టలు పోయినట్టే" అని నిట్టూర్చి, తెచ్చిన బుట్ట ఖాళీగానే తీసుకుని వెళ్లిపోయింది.

వైండింగాయన రాగితీగ కత్తిరించే కత్తెర తీసుకుని ఎదురింటికి నడిచాడు. మిషను ముందు ఆగి, వెనకాలే వచ్చిన టైలరమ్మను అడిగాడు.

"ఈ తాడు కొయ్యమంటారా?"

ఆమె జవాబు చెప్పకుండా అన్నయ్యకు ఫోన్ చేసింది.

"బయల్దేరావా అమ్మాయ్?"

"అన్నయ్యా, ఆ పుంజులు నీకోసం కాదు."

"మరెవరి కోసమే?" అన్నాడు అన్నయ్య.

వైండింగాయన కత్తెర పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. టైలరమ్మ ఫోన్ తీసుకెళ్లి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"ముందు తాడు కొయ్యండి" అంది. "తర్వాత మా అన్నయ్య ఏదో అడుగుతున్నాడు, మీరే చెప్పండి."