ముడికుట్టు మీద వేలు

ఆ వీధిలో వాషింగ్ మెషీన్ పాడైతే జనం రెండు రకాలుగా ఆలోచించేవారు. తొందరగా బాగవ్వాలంటే ఎవర్నో ఒకర్ని పిలవొచ్చు. మళ్ళీ పాడవకూడదంటే మాత్రం ఏడాది మెకానిక్‌ని పిలవాలి. ఆ పేరు ఊరికే రాలేదు. తను చెయ్యిపెట్టిన ఏ మెషీన్‌నైనా ఆ మనిషి ఏడాదిపాటు వదిలేవాడు కాదు. నెలకోసారి వచ్చి, మూత తెరిచి, చెవి ఆనించి విని పోయేవాడు. మధ్యలో ఏ చిన్న లోపం కనబడినా ఏడాది లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలు. పిల్లనిచ్చే మామ కూడా అల్లుణ్ణి ఇంతలా పరీక్షించడని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు, ఆయన లెక్క మాత్రం తప్పలేదు. ఒక్కసారి తప్పి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

ఆయన భార్యని అందరూ కుట్టు పిన్ని అనేవారు. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. ఆమెకి అసలు పేరొకటి ఉందన్న సంగతే అపార్ట్‌మెంటులో ఎవరికీ పట్టలేదు. మొగుడు "ఏమోయ్" అనేవాడు, చెల్లెలి కూతురు "పెద్దమ్మా" అనేది, మిగతా లోకమంతా పిన్ని అనేది. ఏవో గుర్తింపు కార్డులు పక్కనపెడితే, ఆ పేరు నలుగురికీ లెక్కకొచ్చే కాగితం మీద ఎక్కింది రెండేసార్లు. పెళ్ళి నమోదు చేయించినప్పుడు ఒకసారి. ఆమె పోయాక ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పత్రంలో ఒకసారి. మూడోసారి ఎక్కించి తీరాలని మెకానిక్ పట్టుబట్టాడు. ఆ పట్టు వెనక ఒక వాషింగ్ మెషీన్ ముఖం ఉంది.

పిన్నికి నీటికాసులు వచ్చి చూపు అంచుల నుంచి మూసుకొస్తున్న రోజుల్లోనే, అపార్ట్‌మెంటు కింద అందరూ బట్టలుతుక్కునే గదిలో కొత్త మెషీన్ దిగింది. దాని ముఖమంతా నున్నటి గాజు. నొక్కే బొత్తం లేదు, తిప్పే చక్రం లేదు, వేలితో తాకితే చాలట. కళ్ళున్నవాళ్ళకి అది ముచ్చటే. పిన్నికి మాత్రం అదొక గోడ. చిరుగు కుట్టమని ఎవరో ఇచ్చిన ఉన్ని కోటు, ఉతికి ఇద్దామని ఆమె అందులో వేస్తే, మరిగే నీళ్ళలో తిరిగి తిరిగి చంటిపిల్లకి కూడా పట్టనంత అయిపోయింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

మెకానిక్‌కి రోషం వచ్చింది. ఆ వారంలోనే గాజు మీద నాలుగు రబ్బరు బొత్తాలు అంటించి, పెద్ద ఘనకార్యం చేసినట్టు పిలిచి చూపించాడు. ఆమె తడిమి చూసి నవ్వింది.

"వేలు వెతుక్కోకూడదండీ. దారి దానికే తెలియాలి," అంది.

తర్వాత నాలుగు రోజులు మందపాటి గుడ్డముక్క పట్టుకుని కూర్చుంది. ఎడమ అంచు నుంచి కుడి అంచుదాకా తాడు పెట్టి ఒక ఉబ్బెత్తు కుట్టు వేసింది. దాని వెంట వేలు పోనిస్తే దారి తప్పదు. దారిలో మజిలీకో కుట్టు: నూలు బట్టలకి గొలుసుకుట్టు, పల్చటి బట్టలకి కాడకుట్టు, ఉన్నికి ముడికుట్టు. చివర మడిచి కుట్టిన అంచు. అక్కడ నొక్కితే మెషీన్ ఆగుతుంది. ఆ గుడ్డనే అచ్చుగా పెట్టి మెకానిక్ ప్లాస్టిక్ పోశాడు. పోగు పోగునా కుట్టంతా ప్లాస్టిక్‌లో దిగింది. అందరూ సరేనన్నాక గాజు ఊడదీసి దాన్ని బిగించాడు. లోపల వైర్లన్నీ పాతవే, ఒక్కటి కూడా మార్చలేదు. కొత్తదల్లా ఆ ముఖమే. చూసినవాళ్ళు ముందు బాగుందని మురిసిపోయేవాళ్ళు, అది దేనికో తర్వాత అడిగేవాళ్ళు.

చెల్లెలి కూతురు పేటెంట్ వ్యవహారాలు చూసే లాయరు దగ్గర పనిచేస్తోంది. వచ్చి చూసి, పెద్దమ్మ బుగ్గలు పుణికి, విషయం విడమరిచి చెప్పింది. లోపలి పనితనం పాతదే కాబట్టి పేటెంటు రాదు. ఈ ఆకారం, ఈ అలంకారం మాత్రం ఇంతకుముందు ఎక్కడా లేనివి కాబట్టి డిజైనుగా నమోదు చేయించవచ్చు. ఆ గదిలోకి కూడా తాళంచెవి ఉన్నవాళ్ళే వస్తారు కాబట్టి లోకానికి బయటపెట్టినట్టు కాదు. ఆ పత్రంలో రూపకర్త అని ఒక గడి ఉంటుంది, అందులో పెద్దమ్మ పేరు పడుతుంది. పిన్ని నాకెందుకే ఇవన్నీ అని తేలిగ్గా తీసిపారేసింది. ఆ పిల్ల చెప్పులు వేసుకుంటూంటే మాత్రం గుమ్మందాకా వెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

"పేరు మొత్తం వేస్తారా? ఇంటిపేరుతో సహానా?"

వంటింట్లో ఉన్న మెకానిక్ చెవిన ఆ మాట పడింది. ఆమె తన కోసం ఏదైనా అడగడం ఆయన వినడం అదే మొదలు. ఆ పత్రం తెచ్చి ఆమె చేతిలో పెట్టాల్సిందేనని అప్పుడే అనుకున్నాడు. అనుకున్నవాడు మర్నాడే వెళ్ళి దరఖాస్తు పడేస్తే ఏం పోయేది? కానీ ఏడాది తిరగాలిగా. ఏడాది నిలవని వస్తువు మీద నా పెళ్ళాం పేరు ఎలా వేయించనంటాడు. పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది, మీనమేషాలు లెక్కపెట్టకండి పెదనాన్నా అని. పిన్ని కూడా చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆయన రెండు మాటలూ పెడచెవిన పెట్టాడు.

అయిదో నెలలో పిన్ని బట్టలు వేస్తూ, ముడికుట్టు పక్కన వేలికి ఏదో గీరుకుంటోందంది. మెకానిక్ టార్చి వేసి చూశాడు, కనబడలేదు. భూతద్దం పెట్టి చూస్తే ఆవగింజలో సగం పగులు. ఊడదీసి, పూడ్చి, నున్నగా రుద్ది, గోడమీద క్యాలెండరులో ఆ రోజు చుట్టూ కొత్త సున్నా చుట్టాడు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. ఆ సున్నా సంగతి తెలిశాక పిన్ని నొచ్చుకుంది. ఆ గీరుకోవడం సంగతి నేను చెప్పకపోయినా బాగుండేది అంది.

మొదటి లెక్క ప్రకారం ఏడాది నిండే నెలలోనే ఆమెకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. పదో రోజున ఆమె పేరు రెండోసారి కాగితం ఎక్కింది.

ఆ తర్వాత కూడా ఆ మొండి మనిషి లెక్క ఆపలేదు. మిగిలిన అయిదు నెలలూ రోజూ కిందికి వెళ్ళి ఆ ప్యానెల్ తుడిచి వచ్చేవాడు. రెండో లెక్క ప్రకారం ఏడాది నిండిన రోజున, గడ్డం కూడా గీసుకోకుండా పిల్ల ఆఫీసుకి వెళ్ళి, ఇక రాయి అన్నాడు. ఇది ఇంతకుముందు ఎక్కడైనా అచ్చయిందా, ఎవరైనా ఫోటో తీశారా అని పిల్ల అడిగింది. లేదన్నాడు. అబద్ధమాడలేదు పాపం, నిజంగా లేదనే అనుకున్నాడు.

విచారణకి పిలుపు వచ్చింది. పేటెంట్ ఆఫీసు మూడో అంతస్తులో చిన్న గది, గోడలెత్తు బీరువాలు, కిటికీకి దుమ్ము. పరిశీలనాధికారి జలుబుతో ఉన్నాడు, మాటమాటకీ ముక్కు తుడుచుకుంటూనే మర్యాదగా మాట్లాడాడు. డిజైను తనకి నచ్చిందన్నాడు. ఆ మాటకి మెకానిక్ ప్రాణం లేచివచ్చింది. అధికారి ఆ వెంటనే ఫైల్లోంచి ఒక పత్రిక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. అంధుల సంఘంవాళ్ళు నడిపే చిన్న పత్రిక అది. పేజీ మూలన అగ్గిపెట్టెంత ఫోటో. మసకగా, సగం ప్యానెల్, దానిమీద రెండు చేతులు.

మెకానిక్ ఆ చేతులు చూశాడు. ఎడమ చిటికెనవేలు బయటికి వంగి ఉంది. పెళ్ళయిన కొత్తలో, చూసుకోకుండా ఆయనే దానిమీద మెషీన్ మూత వేశాడు. ఆయనే పుల్లకట్టి కట్టుకట్టాడు, వంకరగా అతుక్కుంది. ఇన్నేళ్ళూ ఆ వేలు అన్నం కలిపింది, సూదిలో దారం ఎక్కించింది, జ్వరం వస్తే ఆయన నుదురు చూసింది. ఫోటోలో చూపుడువేలు ముడికుట్టు మీద ఆగి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడో నెలలో అనుకుంటా, ఆయన ఏదో మెషీన్ కింద దూరి ఉండగా, ఎవరో సంఘం అమ్మాయిని తనే లోపలికి పిలిచి చూపించాననీ, ఆ అమ్మాయి ఫోటో తీసిందనీ పిన్ని చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు. అంతే, ఆ ఊఁతో సరిపోయింది.

అధికారి నిదానంగా చెప్పాడు. దరఖాస్తుకి ముందే లోకానికి తెలిసిన డిజైను కొత్తది కాదు. సొంతవాళ్ళు బయటపెడితే ఏడాదిదాకా మినహాయింపు ఉంది. ఈ పత్రిక వచ్చి, దరఖాస్తు నాటికి పద్నాలుగు నెలలు. ఫోటో మసకగా ఉంది కాబట్టి అది ఈ ప్యానెలేనని తాను రూఢిగా అనలేడు. వేరే ప్యానెలని దరఖాస్తుదారు ప్రమాణపూర్వకంగా రాసిస్తే ఆలోచించవచ్చు. గంటసేపు గడువిచ్చి బయట కూర్చోమన్నాడు.

ఆవగింజలో సగం. ఆ సున్నా చుట్టకపోయి ఉంటే పన్నెండో నెలలోనే దరఖాస్తు పడేది, అప్పటికి ఈ పత్రిక వచ్చి తొమ్మిది నెలలే. ఆమె మంచం మీద ఉండగానే అయినా రసీదు తెచ్చి చూపించేవాడు. బెంచీ మీద కూర్చుని మెకానిక్ ఈ లెక్కే మళ్ళీ మళ్ళీ వేశాడు. ఎన్నిసార్లు వేసినా తప్పు తనవైపే తేలింది.

పిల్ల పక్కనే కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెదనాన్నా, నా మాట వినండి. అది ముందు చేసి పారేసిన ప్యానెలని రాద్దాం. ఆ చేతులు ఎవరివో మాకు తెలియదని రాద్దాం. ఫోటో కింద పేరు కూడా లేదు. పెద్దమ్మ పేరు పడుతుంది, అదేగా మనకి కావలసింది."

తప్పుడు మనిషి కాదు ఆ పిల్ల. పెద్దమ్మ గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్న దాన్నీ పట్టి పీడిస్తోంది. మెకానిక్ అధికారి దగ్గర ఆ పత్రిక కాగితం అడిగి తీసుకుని, ఈసారి ఫోటో కింద అచ్చయిన రెండు వాక్యాలు చదివాడు. ఒక గృహిణి వాడుతున్న ప్యానెల్ అని మొదటిది. రెండోది ఆమె అన్న మాట.

"నాదేం లేదమ్మా, అంతా మా ఆయన చేతి చలవే. ఆయన ఏడాది చూసిగానీ దేన్నీ బాగుందనరు."

ఆయన ఆ వాక్యం మీద బొటనవేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఎదురుగా ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు. ఒక గుమాస్తా ఫైళ్ళు మోసుకుంటూ ఆయన కాళ్ళు తొక్కి, క్షమించమని వెళ్ళిపోయాడు.

"ఆ చేతులు ఎవరివో తెలియదని నేను రాయలేనమ్మా," అన్నాడు చివరికి. "రాస్తే ఆవిడ పేరుంటుంది. ఆవిడ ఉండదు."

పిల్ల సంచి తెరిచింది. పెన్ను తీసి ఇచ్చింది.

ఆయన రాత కోడిగీతలు. ఒక్కో అక్షరం దిద్దుతూ రాశాడు. ఫోటోలో ఉన్నది ఈ ప్యానెలే. చేతులు నా భార్యవి. తర్వాత ఆమె పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా. దాని కింద ఇంకో మాట: పత్రికలో అచ్చయినది తప్పు, ఇది నా చేతి చలవ కాదు, ప్రతి కుట్టూ ఆమెదే, నేను ప్లాస్టిక్ పోశానంతే. అధికారి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ముక్కు తుడుచుకోవడం మర్చిపోయాడు. అయినా చట్టం ఆయన చేతిలో లేదు. ఆ పత్రిక కాగితానికి ఒక నకలు తీయించి మెకానిక్‌కి ఇవ్వడం ఒక్కటే ఆయన చేయగలిగింది, అది చేశాడు.

మూడు వారాలకి ఉత్తర్వు వచ్చింది. రూపకర్త అన్న గడిలో ఆమె పేరు ఒక్క అక్షరం పొల్లు పోకుండా అచ్చయి ఉంది. దాని కింది గడిలో, తిరస్కరించడమైనది అని ఉంది. మూడోసారి కాగితం ఎక్కడమంటే ఇలా ఎక్కింది.

మెకానిక్ ఆ కాగితం జేబులో పెట్టుకుని కిందికి దిగాడు. గదిలో ఎవరూ లేరు. మెషీన్ ముందు నిలబడి కళ్ళు మూసుకుని, ఎడమ అంచున వేలు పెట్టి, దాన్ని దారి వెంట పోనిచ్చాడు. గొలుసుకుట్టు దాటాడు, కాడకుట్టు దాటాడు, ముడికుట్టు దగ్గర ఆగాడు. ఆ పగులు కోసం చుట్టూ తడిమాడు. ముందు నెమ్మదిగా, తర్వాత గోటితో గట్టిగా. తను పూడ్చిందే, తను నున్నగా రుద్దిందే. ఎంత వెతికినా ఆయన వేలికి అది దొరకలేదు. దొరకబట్టగలిగిన వేలు ఒక్కటే ఉండేది.