ఎడమచేతి ఛేంజరు

మా ఆయన తదావో ముప్పై ఏళ్ళు ఒసాకాలో ట్రాము నడిపాడు. సంపాదించిన దాంట్లో సగం పాటల మిషన్ల మీద పోశాడు. మా ఇంట్లో ఉన్న సీడీ ప్లేయరు ఎంత బరువంటే, దాన్ని మేడ మీదికి మోసిన ఇద్దరికీ నేను జాలిపడి భోజనం పెట్టి పంపాను. దాని మూత పైకెత్తి, సీడీ పెట్టి, దాని మీద ఇత్తడి బిళ్ళ ఒకటి నిలిపి, అప్పుడు మూత దించాలి. ఈ తంతు ఆయన తప్ప ఇంకొకరు చేయకూడదు. నేను దుమ్ము తుడవబోయినా "చెయ్యి తియ్యి" అనేవాడు.

నిరుడు పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది గానీ కుడిచెయ్యి కోలుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఎడమచేత్తో ఆ ఇత్తడి బిళ్ళ పెట్టబోయి సీడీ మీద జారవిడిచాడు. గీత పడింది. ఆయన మిషను మీద గుడ్డ కప్పేశాడు.

"ఏది కావాలో చెప్పండి, నేను పెడతాను" అన్నాను.

"అక్కర్లేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పాట లేదు. పాట వినడానికొచ్చే స్నేహితులు రావడం మానేశారు. ఆయన గోడకి ఆనుకుని టీవీ చూసేవాడు, అదీ చూస్తున్నాడో లేదో తెలిసేది కాదు. మనిషి నా కళ్ళముందే వాడిపోతున్నాడని నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

దానికి తోడు ఇంకొకటి. నేను సాయంత్రం వీధి చివరి స్నానశాలకి వెళ్ళి వచ్చేసరికి, నేలమీద వేసుకు కూర్చునే మెత్తలు రెండు సీడీల బీరువా ముందు పడి ఉండేవి. రోజూ ఇదే వరస. "ఉన్న చాకిరీ చాలక మీ మెత్తలు కూడా సర్దాలా?" అని సణుగుతూ తీసేదాన్ని. ఆయన టీవీ వైపే చూస్తుండేవాడు.

చివరికి నేనే అన్నాను: "ఛేంజరు కొందామండీ. ఒకసారి అయిదు సీడీలు పెట్టేస్తే పూటంతా అదే మార్చుకుంటుంది."

"అది క్షౌరశాలల్లో పెట్టుకునేది."

"వాళ్ళయినా పాట వింటున్నారు. మనింట్లో ఈగ కూడా పాడటం లేదు."

మాట పడడు కదా, కర్ర పట్టుకుని బయల్దేరాడు. నిప్పొన్‌బషి బజారులో పాటల మిషన్లమ్మే కురోడ కొట్టుకి వెళ్ళాం. కురోడకి మా ఆయన పాత ఖాతాదారు. "పెద్దవి, మంచివి మూడున్నాయి. మీరు పైన కూర్చుని వినండి" అని ఆయన్ని పాటలు వినే గదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి కిందికొచ్చాడు.

కింద అవే మూడు రకాలు బల్ల మీద ఉన్నాయి. నేను కుడిచెయ్యి కోటు జేబులో దూర్చుకున్నాను.

"ఇది చూడండమ్మా" అని కురోడ అన్నిటికంటే ఖరీదైనది ముందుకి జరిపాడు. "ఆయన చెవికి ఇదే సరిపోతుంది."

"చెవి సంగతి ఆయన చూసుకుంటాడు. చెయ్యి సంగతి నేను చూస్తాను."

ఆ ఖరీదైనదానికి సీడీలు సన్నటి పెట్టెలో పెట్టాలి. పెట్టెలోంచి రేకులు ఒక్కొక్కటీ లాగి, పట్టుకుని, సీడీ ఆనించి, మళ్ళీ తొయ్యాలి. ఒంటిచేత్తో నావల్ల కాలేదు. రెండోదీ అంతే. మూడోదానికి వెడల్పాటి సొరుగు బయటికొచ్చింది, అందులో పళ్ళెంలో గుంటల్లా అయిదు గుంటలు. ఇదేదో కుదిరేలా ఉందనుకున్నాను. కానీ డబ్బాలోంచి సీడీ ఊడితే కదా. గీకాను, పీకాను, డబ్బా కింద పడింది.

పక్కన బ్యాటరీలు కొంటున్న పెద్దావిడ ఆగి చూసింది. "ఏమ్మా, ఆ చేతికి దెబ్బా?"

"లేదండీ, దానికివాళ సెలవు."

అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడయింది. మా ఆయన నా జేబు వైపు చూశాడు, కిందపడిన డబ్బా వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"అలా కాదే ఫుసాయే" అన్నాడు. "ముందు కూర్చో. డబ్బా మోకాళ్ళ మధ్య బిగించు. బొటనవేలితో నడిమి గుబ్బ నొక్కు, సీడీ వదులవుతుంది. ఇప్పుడు చూపుడువేలు కన్నంలో దూర్చి, బొటనవేలు అంచున పెట్టు. మణికట్టు తిప్పకు. మొదట్లో తిప్పబుద్ధేస్తుంది, తిప్పితే జారిపోతుంది."

సీడీ నా ఎడమచేతిలోకి వచ్చేసింది.

"మొదట్లో ఏమిటండీ? మీకెలా తెలుసు?"

ఆయన పక్కనున్న కుర్చీ లాక్కున్నాడు. నాకు మెత్తలు గుర్తొచ్చాయి. జారిపడితే గీత పడకుండా కింద మెత్తలు పరుచుకుని, నేను ఇంట్లో లేని సమయం చూసుకుని, ఈ మనిషి రోజూ సాధన చేశాడు. నేను రోజూ వాటిని విసురుగా తీసి మూల పడేశాను. నాకు ఏడుపొచ్చింది. కొట్లో ఏడవడం ఏమిటని ముక్కు చీదుకున్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని సీడీలు సొరుగులో పెట్టడం మొదలుపెట్టాడు. మూడోది జారి కిందపడింది. కురోడ వంగబోతే చొక్కా పట్టుకుని ఆపాను. ఆయనే తీసుకున్నాడు, ఆయనే పెట్టాడు. అయిదూ పెట్టి సొరుగు మూశాడు.

"నా పాతదానికి ఇది సాటి రాదు" అన్నాడు కురోడతో. "కింది స్వరం వదులుగా ఉంది. ఇదే కట్టివ్వు."

బేరం నేను చూసుకున్నాను. ఇంక తగ్గదని తేలాక కురోడ సీడీలు తుడుచుకునే గుడ్డ ఒకటి ఊరికే ఇస్తానన్నాడు.

"గుడ్డలు మా ఇంట్లో బోలెడున్నాయి. మీ పై గదిలో కూర్చునే మెత్త ఒకటివ్వు."

"మెత్తెందుకమ్మా?"

"ఊరుకోవే" అన్నాడు మా ఆయన. చెవులదాకా ఎర్రబడ్డాడు, కానీ నవ్వుతున్నాడు.

మర్నాడు స్నానశాలలో కావాలనే ఆలస్యం చేశాను. తిరిగొస్తుంటే వీధిలోకే పాట వినిపించింది. బీరువా ముందు ఎప్పటిలాగే రెండు మెత్తలు పడి ఉన్నాయి. వాటిని తియ్యలేదు. కురోడ ఇచ్చిన మెత్త పక్కనే వేసుకుని కూర్చున్నాను.

"కూర్చుంటే కూర్చో, మాట్లాడకు" అన్నాడు.

నేను మాట్లాడలేదు.